ఇద్దరి పేర్ల మీద

మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారాం. మొదటిది కొండాపూర్‌లో, రెండోది కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో, మూడోదీ నాలుగోదీ కూకట్‌పల్లిలో. ఎక్కడా మేం ఖాళీ చేస్తామని అనలేదు. ఓనర్లే అడిగారు. వాళ్లు చెప్పే కారణాలు నాకు కంఠతా వచ్చేశాయి. చుట్టాలు దిగుతున్నారు, కొడుక్కి పెళ్లి కుదిరింది, బాత్రూమ్ పగలగొట్టి రిపేరు చేయించాలి. నాలుగో ఓనరు మాత్రం ఉన్నమాట చెప్పాడు.

“మీరు మంచివాళ్లేనమ్మా. కానీ కింద షాపుకొచ్చే ప్రతివాళ్లూ పైన ఉండే ఆ నల్లాయన ఎవరండీ అని అడుగుతున్నారు. ఎంతమందికని చెప్పను?”

ఆ నల్లాయన నా భర్త.

ఆయనది టాంజానియా. సముద్రం ఒడ్డున ఊరు. ఫార్మసీ చదవడానికి ఇరవై ఏళ్లకే హైదరాబాద్ వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. కొత్త మందుల మీద జరిగే పరీక్షల వివరాలు సరిచూసే కంపెనీ. హైటెక్ సిటీలో అదే బిల్డింగులో, రెండంతస్తులు పైన, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. లిఫ్టులో మొదటిసారి ఆయన నోట తెలుగు విని ఉలిక్కిపడ్డాను. “జర ఏడో నంబర్ ఒత్తుతవా” అన్నాడు. హాస్టల్లో వంట చేసే నల్గొండ అక్క దగ్గర నేర్చుకున్నాడట. అందుకే ఆయన తెలుగులో ఏంది, గిట్ల, ఇగ తప్ప వేరే మాటలుండవు. రెండేళ్ల తర్వాత రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం.

ఆ పెళ్లికి అమ్మ వచ్చింది, నాన్న రాలేదు. నాన్న నారాయణపేట దగ్గరి పల్లె నుంచి తాపీ పని కోసం వచ్చినవాడు. ఇప్పుడు అద్దాలతో మెరిసే బిల్డింగులు కొన్నిటికి పునాదుల్లో ఇటుక పేర్చాడు. నడుము పట్టేశాక వాటిల్లోనే ఒకదాని గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. మూసాపేటలో ఒక్క గది కిరాయికి తీసుకుని మమ్మల్ని చదివించాడు. పెళ్లయిన ఏడాదికి నాతో మాట్లాడాడు. అల్లుడితో మాత్రం లేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే అమ్మ వైపు తిరిగి “తిన్నడా?” అని అడిగేవాడు.

నాలుగో ఓనరు మాట విన్న రోజు సామాన్లు సర్దడానికి అట్టపెట్టెలు కిందికి దించుతున్న మా ఆయన్ని ఆపాను. ఇగ కిరాయికి పోయేది లేదని చెప్పాను. కొనుక్కుందాం, చిన్నదైనా సరే, ఖాళీ చేయమనే హక్కు ఎవరికీ లేని ఇల్లు. ఆయన చేతిలోని పెట్టెను మళ్లీ అటక మీద పెట్టాడు.

ఐదు నెలలు ప్రతి శని ఆదివారాలూ తిరిగాం. కొత్త టవర్ల ఆఫీసుల్లో కాఫీ ఇద్దరికీ ఇచ్చేవారు, మాటలు మాత్రం నాతోనే. ఒకచోట సేల్స్ అమ్మాయి ఆయన వైపు చూసి, మీ క్లయింటా మేడమ్, ఎన్నాళ్లకు అద్దెకు కావాలి అని అడిగింది. ఆయన జీవితకాలానికి అన్నాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నేను నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. బయటికొచ్చాక నాకు నవ్వు రాలేదు.

చివరికి మూసాపేటలోనే దొరికింది. మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడక, పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, రెండు బెడ్‌రూములు. అమ్మేది ఒక రిటైర్డ్ లెక్కల టీచరు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట కాకినాడ నుంచి వచ్చారు. భర్త పోయాక ఒంటరిగా ఉండి ఉండి, రాజమండ్రిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నారు. నవ్వని మనిషి. ఇల్లు చూపిస్తూ ఏ కుళాయి కారుతుందో, ఏ కిటికీ మూసుకోదో తానే చెప్పారు. అది నాకు నచ్చింది.

బ్రోకర్ మా ముగ్గురినీ కలిపినవాడు, కాబట్టి సలహా కూడా తానే ఇచ్చాడు. “ఒక్క మేడమ్ పేరు మీద పెట్టుకోండి. సార్ పేరుంటే బ్యాంకుల అడుగుతరు, ఆఫీసుల అడుగుతరు. ఎందుకు పరేషాన్?”

అప్పటికే నేను లాయర్‌ను కలిసి అడిగి ఉన్నాను. మా పెళ్లయిన రెండేళ్లకు ఆయనకు ఇక్కడే ఉండిపోవడానికి ఇచ్చే ఓసీఐ కార్డు వచ్చింది, ఉండటానికి ఇల్లు కొనుక్కోవడానికి ఏ అడ్డూ లేదు. అడ్డు చట్టంలో లేదు. బ్రోకర్ నాలుక మీద ఉంది, బ్యాంకులో మొదట మా ఫైలు పట్టుకున్న మనిషి కనుబొమల్లో ఉంది. మా ఇంట్లోనూ ఉంది. నాన్న ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచి, ఇల్లు నీ పేరు మీదనే ఉండాలె బిడ్డా అన్నాడు. రేపు ఆయన విమానం ఎక్కిపోతే ఏం చేస్తవని అడిగాడు.

“నేను ఎక్కిపోతే?” అన్నాను.

నాన్న లేచాడు. వెళ్లి కుండలో నీళ్లు తాగాడు.

వీళ్లందరితోనూ పోట్లాడగలను. నేను అనుకోనిది, నా భర్తతోనే పోట్లాడాల్సి రావడం. లాయర్ ఆఫీసు నుంచి వస్తూ మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాం. నీ ఒక్కదాని పేరు మీదనే పెట్టు అన్నాడు. ఇదేదో త్యాగం అనుకుని మందలించబోయాను. త్యాగం కాదు. అలసట.

“పన్నెండేండ్ల సంది చూస్తున్న. నా పేరు యాడ రాసినా పని ఆగుతది. సిమ్ కార్డుకు ఆగింది, గ్యాస్‌కు ఆగింది, మన పెండ్లికి కాగితాల మీద కాగితాలు అడిగిన్రు. నీ పేరుంటే నడుస్తది. నీకు ఇల్లు కావాల్నా, నా పేరు కావాల్నా?”

“ఆగనియ్యి,” అన్నాను. “యాడ ఆగితే ఆడ కూసుందం. నువ్వు చుట్టం లెక్క ఉండే ఇల్లు నాకొద్దు.”

రైలు వచ్చింది. మేం ఎక్కలేదు. జనం మమ్మల్ని తప్పించుకుంటూ లోపలికి వెళ్లారు, తలుపులు మూసుకున్నాయి. తర్వాతి రైలెక్కాక, నా పేరు స్పెల్లింగ్ తప్పు రాయకుండ చూసుకో అన్నాడు. అంతే. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు.

పది రోజులకు టీచర్‌గారు ఫోన్ చేశారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు మాట్లాడాలంటున్నారు, ఆదివారం రండి అన్నారు. వెళ్లేసరికి సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రెసిడెంటు, మరో నలుగురు ఓనర్లు, ఓ పక్కగా టీచర్‌గారు. ప్రెసిడెంటు పెద్దమనిషి, గొంతు పెంచడు. ఇది ఫ్యామిలీలు ఉండే అపార్ట్‌మెంట్ అండీ అని మొదలుపెట్టాడు. మేమూ ఫ్యామిలీయేనన్నాను. అది కాదమ్మా, ఆయన తరఫువాళ్లు వచ్చిపోతుంటారు, పాటలూ పార్టీలూ ఉంటాయి, మాకు ఆడపిల్లలున్నారు అన్నాడు. ఇవన్నీ నన్ను చూస్తూనే అన్నాడు. నా పక్కన కూర్చున్న మనిషి గురించి, నా పక్కన ఎవరూ లేనట్టే.

మా ఆయన ముందుకు వంగాడు. “సార్, ఎవరింటికి ఎవరు రావాలె, ఎవరు రావద్దు అని ఈడ అందరికీ రాసిచ్చిన్రా? నాకొక్కనికేనా?”

మోటారు గది వెనక నుంచి వాచ్‌మన్ భార్య నవ్విన చప్పుడు వినిపించింది. ఆ తెలుగు వినగానే ఓనర్లలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు మాత్రం మళ్లీ నా వైపే తిరిగి, మీరైనా అర్థమయ్యేలా చెప్పండమ్మా అన్నాడు.

“ఆయన తెలుగులనే అడిగిండు సార్. జవాబు ఆయనకే చెప్పండి.”

అప్పుడు టీచర్‌గారు కుర్చీలోంచి లేచారు. క్లాసులో పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు ఇలాగే మాట్లాడి ఉంటారు.

“అదిగో, ఆ మూల నా పార్కింగ్ స్థలం. ఎనిమిదేళ్లుగా అందులో ప్రెసిడెంటుగారి రెండో కారు ఉంటోందండి. మా వారు పోయిన పదో రోజున తెచ్చిపెట్టారు. మీకు కారు లేదు కదా, మీకెందుకూ అన్నారు. ఊరుకున్నాను. ఇప్పుడు నా ఇల్లు నేనెవరికి అమ్మాలో కూడా ఆయనే చెబుతారట.” తర్వాత మా వైపు తిరిగారు. “మీరు రేపే అగ్రిమెంటు రాయించుకోండి.”

పైకి మెట్లెక్కుతూ ఆవిడ నాతో దాచకుండా చెప్పారు. మొదట తనకూ అనుమానంగానే ఉందట. ఇంకో పార్టీ ఉంటే చూడమని బ్రోకర్‌కు చెప్పారట కూడా. “ఆ ప్రెసిడెంటు వద్దన్నాకే నాకు పట్టుదల వచ్చిందమ్మాయ్.” నేను ఆవిడకు థాంక్స్ చెప్పలేదు. ఆవిడ కూడా ఎదురుచూడలేదు. ఇద్దరం ఆ రోజు ఎవరి కోపం కోసం వాళ్లు నిలబడ్డాం.

రిజిస్ట్రేషన్ రోజున సాక్షులుగా ఇద్దరు కావాలన్నారు. మా ఆఫీసు స్నేహితురాలు ఒకరు. రెండో సాక్షిగా నాన్నను అమ్మ పంపింది. ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మాకు కాస్త దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

డాక్యుమెంట్ రైటర్ టైపు చేయించి తెచ్చిన కాగితాలు నా ముందు పెట్టాడు. చదవడం నా ఉద్యోగం. తప్పులు వెతకడానికే నాకు జీతం ఇస్తారు. కొనుగోలుదారు అన్నచోట నా పేరొక్కటే ఉంది. పేజీలు తిప్పితే, చివర, సాక్షుల దగ్గర మా ఆయన పేరు కనిపించింది. స్పెల్లింగ్ మాత్రం తప్పు లేదు.

మేం పంపిన ముసాయిదాలో ఇద్దరి పేర్లూ కొనుగోలుదారులుగానే ఉన్నాయి. అది పొరపాటు కాదని నాకు తెలుసు. బ్రోకర్ నా చెవి దగ్గరకు వచ్చి, సంతకం పెట్టేయండి మేడమ్, స్లాట్ పోతది, తర్వాత సరిచేయిద్దాం అన్నాడు. నేను పెన్ను మూత పెట్టేశాను. మా ఆయన మొహంలో ఆ ప్లాట్‌ఫాం మీది అలసట మళ్లీ కనిపించింది. కౌంటర్ వెనక మనిషి తల ఎత్తకుండానే, ఎవరు కొనేటోళ్లు, ఎవరు సాక్షి, జల్ది చెప్పండి, ఎనక మంది ఉన్నరు అన్నాడు.

గోడ దగ్గర నుంచి నాన్న వచ్చాడు. కాగితం మీద వేలు పెట్టాడు. నాన్నకు ఇంగ్లీషు రాదు. ఆ వేలు ఏ పేరు మీదా లేదు, ఖాళీ జాగా మీద ఉంది.

“కొనేటోడు గాయన. మా అల్లుడు. సాక్షిని నేను. మల్ల రాయుండ్రి.”

ఏళ్ల తరబడి గేట్ల దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకు సెల్యూట్ కొట్టిన మనిషి. ఒక ఆఫీసులో, ఒక కౌంటర్ దగ్గర, ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

స్లాట్ పోయింది. మళ్లీ నాలుగు రోజులకు దొరికింది. టీచర్‌గారు రాజమండ్రి టికెట్టు రద్దు చేసుకుని, బ్రోకర్‌ను దారంతా తిట్టుకుంటూ రెండోసారీ వచ్చారు. ఈసారి కాగితం సరిగ్గా ఉంది. మా ఆయన వేలిముద్రలు మెషిన్ మూడుసార్లు తీసుకోలేదు. నాలుగోసారి తన చొక్కా అంచుతో వేలు తుడుచుకుని గట్టిగా నొక్కాడు. స్క్రీన్ మీద పచ్చగా గుర్తు వచ్చింది. నాన్న సాక్షి సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరం విడివిడిగా, నిదానంగా. బయటికొచ్చాక డ్యూటీ ఉందని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

గృహప్రవేశానికి పెద్దగా ఎవరినీ పిలవలేదు. అమ్మ పాలు పొంగించింది. నాన్న ఇల్లంతా తిరుగుతూ మేస్త్రీలా గోడలు తట్టి చూశాడు. బాత్రూమ్ దగ్గర ఆగి, మా ఆయన వైపు తిరిగాడు, నేరుగా ఆయన వైపే. గోడకు చెమ్మ ఎక్కింది, ఆదివారం ఇద్దరం కలిసి గీకి సిమెంటు వేద్దాం, పాత చొక్కా వేసుకో అని చెప్పాడు. మా ఆయన తలూపాడు. వంటింట్లో అమ్మ నా చెయ్యి గిల్లింది.

పాలు పొంగిన వేళకు టాంజానియా నుంచి అత్తమ్మ వీడియో కాల్‌లో ఉంది. అక్కడ ఇంకా పొద్దున ఏడున్నర. గిన్నె అంచు దాటి నురగ కిందికి జారడం చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ, గొంతెత్తి ఒక పొడుగాటి కేక తీసింది. వాళ్లలో శుభం జరిగితే ఆడవాళ్లు అలా చేస్తారు. ఆమె వెనక ఉన్న ఆడవాళ్లూ అందుకున్నారు. ఫోన్ స్పీకర్ పగిలిపోతుందేమో అన్నంతగా ఆ ధ్వని ఖాళీ గదుల్లో తిరిగి, తెరిచి ఉన్న తలుపులోంచి వరండాలోకి వెళ్లింది.

మా ఆయన చెయ్యి ఫోన్ మీదికి పోయింది, సౌండ్ తగ్గించడానికి. ఇన్నేళ్ల అలవాటు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

వరండాలో తలుపులు తెరుచుకున్న చప్పుళ్లు. పై అంతస్తులో ఒకటి గట్టిగా మూసుకుంది, అది ప్రెసిడెంటుగారిదని నాకు తెలుసు. ఎదురింటావిడ గడపలోకి వచ్చి, ఏంటమ్మా ఆ శబ్దం, ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. మా అమ్మ, ఖుషీగా ఉన్నది అని చెప్పాడు మా ఆయన, ఫోన్ ఆవిడ వైపు తిప్పుతూ. ఆవిడ చీర కొంగు సర్దుకుని, చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి స్క్రీన్‌లోకి చూసి మొహమాటంగా నమస్కారం పెట్టింది.

“ఇంకోసారి చెయ్యమను,” అన్నాను.