ఎల్లన్న బిగించిన పలక

అరబ్బు దేశపు యాన్బు రేవులో చెక్క పడవలు బాగుచేసే లింబాద్రికి మాటలు తక్కువ. ఎల్లన్న ఉన్నప్పుడు ఆ అవసరమే రాలేదు; ఇద్దరి మాటలూ అతనే మాట్లాడేవాడు. ఇద్దరి ఊళ్లూ మోర్తాడ్ వైపే. పలక వంచి పడవకు బిగించాలంటే రెండు కొసలకూ ఇద్దరు కావాలి. ఎల్లన్న వీసాకు ఎగ్జిట్ కొట్టించుకుని, పని వదిలి ఇంటికి పోయాక, రెండో కొసకు ఎవరో వస్తున్నారు, పోతున్నారు.

ఇప్పుడు చేతిలో ఉన్న పడవను ఉత్తరాన ఏదో చల్లటి దేశపు హోటల్ కొన్నది. రేపు ఓడెక్కాలి. అడుగు పలకల్లో పాడైనవన్నీ లింబాద్రి మార్చాడు, ఒక్కటి తప్ప. అది ఎల్లన్నతో కలిసి బిగించిన చివరి పలక. "పాత బండిని మొత్తం కొత్తగ చెయ్యొద్దు బిడ్డా, ఒక్క కట్టెన్న పాతది ఉండాలె" అనేవాడు, ఊళ్లో ఎడ్లబండ్లు చేసే తండ్రి. పెద్దల మాటలు మనకు అక్కరకొచ్చినప్పుడే గుర్తొస్తాయి.

పలకకు సూదిమొనంత రంధ్రాలున్నాయి. లింబాద్రి చూడకపోలేదు. అవి సముద్రపు పురుగు చేసినవి; అది పిల్లగా కట్టెలో దూరుతుంది. లోపలే తిని, వచ్చిన దారిన బయటపడలేనంత లావవుతుంది. పలక ఎండకు పగలకూడదని లింబాద్రి రోజూ తడిగోనె కప్పుతున్నాడు.

"సల్లటి నీళ్లల్ల పురుగులు సస్తయి తియ్," అన్నాడు, ట్రైలర్ తెచ్చిన జావీద్‌తో.

హైదరాబాదీ జావీద్ నవ్వాడు. "ఏ జమానాల ఉన్నవ్ భాయ్? ఆడ నీళ్లు గూడ వేడెక్కినయట. పోయినసారి మనం పంపిన పడవల పురుగులు బతికి, పక్కన జాలరోళ్ల పడవలకు పట్టినయ్."

"జాలరోళ్లయా?"

"మరి? హోటలోడు ఇంకోటి కొంటడు. ఆళ్లేం కొంటరు?"

లింబాద్రి సుత్తితో తట్టాడు. కొత్త పలకలు ఖంగుమన్నాయి. ఇది డొల్లగా పలికింది.

"ఎల్లన్న గుర్తని పెట్టినవ్, నాకెర్క లేదా?" అన్నాడు జావీద్. "ఫోన్ జేసి మాట్లాడు. కట్టెను పట్టుకుని కూసుంటవేంది?"

"ఎత్తుతలేడు."

జావీద్ ఇక నవ్వలేదు.

లింబాద్రి మేకులు పీకి, పలకను ఉలితో చీల్చాడు. వేలెడు పొడవున తెల్లటి మెత్తటి పురుగు, తలకు రెండు చిన్న చిప్పలతో, కదిలింది. తడిగోనె దాన్నీ బతికించింది. చీలికలన్నీ, పలకలు కాచి వంచే మంటలో వేశాడు. తడికట్టె, చాలాసేపు పొగే వచ్చింది.

కొత్త పలక ఎత్తేసరికి గేటు దగ్గర్నుంచి జావీద్‌కు పిలుపొచ్చింది. వెళ్లాడు. లింబాద్రి రెండో కొసను తాడుతో స్తంభానికి కట్టి, తన కొసను వంచాడు.

"పట్టు, ఎల్లన్నా," అన్నాడు అలవాటుగా.

తాడు బిగిసింది.