పిస్తోలుకు కుట్టిన తొడుగు

ఆమధ్య మనవరాలి పిస్తోలు షూటింగ్ పోటీకి తోడుగా కడప వెళ్లాను. కొత్త పిస్తోలు పిడి చెమటకు పాడవుతుందని ముందురోజే పాత దుప్పటి గుడ్డతో దానికి గట్టి తొడుగు కుట్టాను. పోటీకి ముందు పిస్తోలును ఒక కొలత పెట్టెలో పెట్టి చూస్తారట. తొడుగు మందానికి మూత పడలేదు.

"ఇట్లుంటే పాపను ఆడనీయం అవ్వా," అన్నాడు అధికారి.

మనవరాలి ముఖం వాడిపోయింది. "బిరీన ఇప్పవ్వా, టైమైపోతాండాది."

కుట్టు ఊడి రాలేదు. వరుసలో అందరూ చూస్తుండగా పిడిని నోటి దగ్గర పెట్టుకుని దారాన్ని పళ్లతో కొరికాను.

"పిస్తోలును తినేస్తాండావా ఏంది?" అన్నాడాయన.

"నువ్వు మూసి చూడప్పా ముందు."

ఈసారి మూత పడింది. పాప లోపలికి పరుగెత్తింది.

ఆమె గురి గురించి ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. నా పళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే రాశాను.