మనోడు అమ్మిన పవర్ సప్లై

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను జనగామలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాణ్ణి. పాత కంప్యూటర్ ఈసురోమంటుంటే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. దానికి ఐదువందల వాట్ల పవర్ సప్లై కావాలని డబ్బా మీదే రాసుంది. నా పాతది అంత మోయలేదు. అందుకని బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకు వెళ్లాను.

ఆ షాపాయన ఊళ్లో పెద్ద నిపుణుడు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. అరలోంచి ఒక పవర్ సప్లై తీసి నా చేతిలో పెట్టాడు. ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది.

"గింత అల్కగున్నదేందన్నా?"

"కూరగాయలు కొంటున్నవా, తూకమేసి సూస్తున్నవ్? ఐదువందల వాట్లు. అమ్మేది మనోడు, కొనేది మనోడు. పరేషాన్ గాకు."

ఎక్కడో చైనాలో బిగించిన రేకు డబ్బాకు మన మట్టి వాసన ఎలా అంటిందో నేను అడగలేదు. నా తెలివి అంత.

పాలకుర్తి వైపు ఒక పల్లెలో జరిగిన పెళ్లి వీడియో చేతిలో ఉంది. కార్డుకు పని పెట్టగానే కంప్యూటర్ ఆగిపోయేది. నాలుగోసారి టప్పుమని, కాలిన వాసన వచ్చింది. కార్డు కూడా పోయిందేమోనని దాన్నీ ఊడదీశాను. రెండూ సంచిలో వేసుకుని మహబూబాబాద్ బయలుదేరాను. రైల్ రోకో నడుస్తోంది కాబట్టి బస్సులు మారుతూ వెళ్లాను. అక్కడ మా అక్క ఇంటి పక్కన ఒక ముసలి టీవీ మెకానిక్ ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్లం.

చాచా మూత విప్పి చూశాడు. "సగం గాలే ఉన్నది బేటా." తర్వాత పైనున్న స్టిక్కరును గోటితో గీరాడు. కింద ఇంకో స్టిక్కరు, దాని మీద రెండువందల యాభై.

"వాట్లు ఎవడన్న రాస్తడు. కార్డుకు కరెంటిచ్చే పన్నెండు ఓల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లో గది సూడాలె. గిండ్ల పదిహేనే. పన్నెండు పదిహేన్లు నూటెనభై వాట్లే. గిది నీ కార్డును యాడ మోస్తది?"

కార్డును తన దగ్గర రిపేరుకొచ్చిన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. బతికే ఉంది.

జనగామ తిరిగొచ్చేసరికి షాపాయన దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని, మనల్ని ఎన్నేళ్లుగా మోసం చేస్తున్నారో గొంతు చించుకుని చెబుతున్నాడు. వేదిక దిగేదాకా ఆగి డబ్బా చూపించాను.

"ఉద్యమం నడుస్తుంటే గీ పంచాయితేంది తమ్మీ? మనోళ్లనే బద్నాం జేస్తవా?"

"మనోడు జేస్తే మోసం గాదా అన్నా?"

ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ పకపకా నవ్వింది. ఆయన ముఖం మాడిపోయింది. "రేపు దుకాణానికి రా" అన్నాడు. వెళ్తే తాళం వేసుంది.

చివరికి చాచాయే హైదరాబాద్ నుంచి మంచిది తెప్పించి పెట్టాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే తొడలు నొప్పి పుట్టేంత బరువు. ఆ తర్వాత కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. ఆలస్యంగా ఇచ్చిన వీడియో చూసి పెళ్లికూతురి తల్లి, "నేను తినేటప్పుడు తప్ప యాడ గనవడలే గదా బిడ్డా" అని నిష్ఠూరమాడింది.

శిబిరానికి వెళ్లడం మాత్రం నేను మానలేదు. రాష్ట్రం ఆ షాపాయనొక్కడికే రాసిచ్చింది కాదు కదా. నేను వెళ్లి పక్కన కూర్చుంటే ఆయనే కుర్చీ దూరం జరుపుకున్నాడు.