పూజ నీళ్ళు పోసిన జాగ

నేను బడి మానేసిన రోజున మా లెక్కల సారు సరస్వతి పటం ముందు అగరుబత్తి వెలిగించాడని మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకైతే కట్ట మొత్తం వెలిగించి ఉంటాడనే అనుమానం. అలాంటి నాకు చివరికి దొరికింది లెక్క ప్రకారం నీళ్ళు పోసే పని. రోడ్డు పనిలో నేను ట్యాంకర్ డ్రైవర్ని.

లెక్క ప్రకారం అని ఎందుకన్నానంటే, రోడ్డు మీద పరిచిన మొరానికి, అంటే ఎర్ర కంకరమట్టికి, నీళ్ళు తక్కువైతే రోలర్ ఎంత తిరిగినా అది గట్టిపడదు. ఎక్కువైతే రోలర్ కింద పరుపులా ఊగుతుంది. సరైన తడి ఆ రెండింటి మధ్య ఎక్కడో దాక్కుని ఉంటుంది. కాలు పెడితే నాకు తెలిసిపోతుందని గొప్పలు పోయేవాణ్ణి గానీ, అందులో సగం కాలు, సగం మొండి ధైర్యం.

ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడి రోడ్లకో నీళ్ళు పోసి, రేకుల షెడ్లలో పడుకుని, చల్లారిన అన్నం తిన్నాక మొదటిసారి ఇంటి దగ్గర పని దొరికింది. చంద్లాపూర్ వైపు కొత్త రోడ్డు. సాయంత్రం ట్యాంకర్ ఆపేసి సిద్దిపేటలో మా ఇంటికెళ్ళి, పెనం మీంచి దిగిన జొన్నరొట్టె తినే భోగం ఆ రోడ్డు చలవే. పెళ్ళైన ఇన్నాళ్ళకు నా భార్యకు రోజూ కనిపించడం మొదలుపెట్టాను. అది ఆమెకు కూడా భోగమేనా అని మాత్రం అడగలేదు.

ఆ భోగానికే ఒకరోజు పొద్దున్నే గండం వచ్చింది. పని చేయించే మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇయ్యాల కొత్త మిషన్‌తోని తడి చూస్తరట. నువ్వు నీళ్ళు ఎక్కువ పోసినవని తేలిందనుకో, మొరమంత తిరగేసి మళ్ళ పరువాలె. ఇగ నిన్ను గీడ ఉంచరు. అవుతలి జిల్లల పనికి ట్యాంకర్ మనిషి కావాల్నంటున్రు, గాడికే తోలుతరు."

"నా మొకం జూసి గా మిషనే పాసు జేస్తది తియ్యి మేస్త్రీ" అన్నాను. నోరైతే అంది గానీ, పోయి ట్యాంకర్ కుళాయి గట్టిగా కట్టేసి ఉందా అని రెండుసార్లు చూసి వచ్చాను.

అంతకుముందు తడి చూడాలంటే రోడ్డుకు గుంత తవ్వేవారు. తీసిన మట్టిని తూచి, పొయ్యి మీద వేయించి, ఆరాక మళ్ళీ తూచేవారు. తగ్గిన బరువే తడి. ఆ గుంత పూడ్చడం మళ్ళీ ఇంకో పని. ఈ మిషన్‌కు తవ్వడమే లేదు. అన్నం వండే కుక్కరంత ఉంది. పైన పట్టుకోడానికి కడ్డీ, చిన్న అద్దం. నేల మీద ఆనించి మీట నొక్కితే, లోపలికి సన్నటి తరంగాలు పంపి, కింద ఎంత తడి ఉందో అద్దంలో అంకె చూపిస్తుంది. జీపులోంచి దాన్ని దించిన ఇంజనీరు మేడమ్ మా ఊరి పిల్లే, మా బిడ్డ వయసుది. ఆమె ఇదంతా చెబుతుంటే నాకు అర్థమైంది ఒక్కటే: మా అవ్వ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చెప్పేది, ఇదీ అదే పని చేస్తుంది.

కొత్త మిషన్ వచ్చాక పూజ లేకుండా మొదలుపెడితే మేస్త్రీ ఊరుకుంటాడా? బొట్టు పెట్టాడు, పూలు పెట్టాడు, చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టే బాధ్యత ఎప్పుడూ నాదే.

"మిషన్ మీద మాత్రం సుక్క పడొద్దు కాకా" అంది మేడమ్. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుతూ జీపు చాటుకు వెళ్ళింది.

నేను మాట తప్పే మనిషినా? మిషన్ మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. పక్కన రాయి మీద కాయ కొట్టి, ఆ నీళ్ళు, చెంబులోని పసుపు నీళ్ళు, మిషన్ పెట్టబోయే జాగలోనే మొత్తం భక్తిగా పోశాను. ఎర్రటి మొరం గుటకేసినట్టు తాగేసింది. మేడమ్ తిరిగి రాగానే, ముందు పూజ చేసిన జాగలోనే పెట్టాలని మేస్త్రీ పట్టుబట్టాడు. ఆమె నవ్వి సరేనంది.

మీట నొక్కింది. నవ్వు పోయింది.

"మస్తు తడి జూపిస్తుంది. కాకా, పొద్దుగాల గిట్ల ట్యాంకర్ తిప్పినవా?"

"లేదు మేడమ్."

"వేరేటోళ్ళన్న నీళ్ళు పోసిన్రా గీడ?"

"ఒక్క సుక్క పొయ్యలే, ఒట్టు!" అన్నాను. చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉంది.

"నేను గూడ ఈడనే ఉన్న మేడమ్, ఎవ్వలు పొయ్యలే" అన్నాడు మేస్త్రీ, ఖాళీ చెంబు పట్టుకుని.

మేము అబద్ధం చెప్పలేదు. నీళ్ళంటే మా ఇద్దరి లెక్కలో ట్యాంకర్ నీళ్ళే. నా కళ్ళ ముందు అవుతలి జిల్లా, రేకుల షెడ్డు, చల్లటి అన్నం వరసగా వచ్చి నిలబడ్డాయి.

మేడమ్ నా చిప్ప చూసింది. మేస్త్రీ చెంబు చూసింది. వంగి మొరం మీద వేలు రాసి చూసుకుంది. వేలికి పసుపు అంటింది.

"మరి గిదేంది కాకా?"

"గవి పూజ నీళ్ళు మేడమ్!"

ఆమె నవ్వాపుకోలేక మిషన్ కడ్డీ పట్టుకుని నిలబడింది. తర్వాత దాన్ని ఎత్తి అవతల పెట్టింది. తడి సరిగ్గా ఉంది. ఇంకాస్త అవతల, సరిగ్గా ఉంది. రోడ్డు పొడుగునా మిషన్ వెనకే నడిచాను. అంకె కనబడిన ప్రతిచోటా నా భుజం మీంచి ఎవరో బస్తా దించుతున్నట్టుంది. చివర్న "మంచిగ పోసినవ్ కాకా" అని మేడమ్ అంటే, మేస్త్రీ తనే పోసినట్టు తలాడించాడు. ఆ సాయంత్రం రొట్టెలు ఎన్ని తిన్నానో నా భార్యనడగాలి. పిండి మళ్ళీ కలిపింది ఆమే.

మళ్ళీ మేడమ్ వచ్చిననాడు నా నోరు ఊరుకోలేదు. "మేడమ్, ఇయ్యాల కాయ కొట్టుడు లేదు. మీ మిషన్‌కు భక్తి లేదాయె. దేవుని నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు ఒక్కటేనంటది" అన్నాను.

ఆమె మీట నొక్కుతూ, తలెత్తకుండానే అంది:

"ఇన్నేండ్ల సంది ఎన్ని కాయలు కొట్టినవ్ కాకా? ముట్టినయని ఏ దేవుడన్న నీకు జెప్పిండా? నా మిషన్ గప్పుడే జెప్పింది గద!"