జీవాలు తొక్కిన దారి

రాష్ట్రం విడిపోయాక, సరిహద్దులో యుద్ధం మొదలైన ఒక ఎండాకాలం నేను జమ్మలమడుగులో రోడ్ల శాఖ డిప్యూటీ ఇంజనీరుగా ఉన్నాను. పులివెందుల వైపు నుంచి సైనిక కాన్వాయ్ వస్తోందని, దారి చూడమని కబురొచ్చింది. దారిలో ఒక వంక మీది వంతెన మరమ్మతులో ఉంది. బండ్లన్నీ పక్కన తూములు వేసి, మట్టి పోసిన తాత్కాలిక దారిలో పోయేవి. సరిగ్గా కాన్వాయ్ వచ్చే రోజే, అకాల వానకు ఆ మట్టి కొట్టుకుపోయింది. తూములు మాత్రమే మిగిలాయి.

చుట్టుపక్కల అరటి తోటల రైతులు అడక్కముందే ట్రాక్టర్లతో గరుసు మట్టి తెచ్చి పోశారు. పోస్తే చాలదు. పల్చటి పొరలుగా పరిచి, తడిపి, ఒక్కో పొరనూ తొక్కించి గట్టిపరచాలి. లేకుంటే బరువు లారీ కూరుకుపోతుంది. రోలరేమో ప్రొద్దుటూరులో చెడిపోయి ఉంది. ఇంతలో లారీలు వచ్చి బారులు తీరాయి. మళ్లీ మబ్బు పట్టింది. మరమ్మతులో ఉన్న వంతెన మీదే పోతామన్నాడు కాన్వాయ్ కెప్టెన్. అది లారీల బరువు మోయదని నేను ఒప్పుకోలేదు.

అప్పుడే ఓబులేసు అనే కాపరి గొర్రెల మందతో అటు వచ్చాడు. మా పనిలో షీప్ ఫుట్ రోలర్ అని ఒకటుంది. గొర్రె గిట్టల్లాంటి దాని మొనలు మట్టిలోకి దిగి కింది నుంచి గట్టిపరుస్తాయి. అసలు గొర్రెలే ఎదురుగా ఉన్నాయి కదా అనిపించింది.

"ఓబులేసప్పా, నీ మందను ఈ మట్టి మీద అటూ ఇటూ తిప్పుతావా?" అన్నాను.

"ఏందమ్మా, నా జీవాలకు మిలిటరీలో ఉద్యోగం ఇప్పిస్తాండావా?" అని నవ్వి, అంతలోనే, "కాళ్లు ఇరగవు గదా?" అన్నాడు.

అంచుల్లో మనుషుల్ని నిలబెడతానని మాటిచ్చాను. మా జిల్లాలోని చక్రాయపేటకు చెందిన హవల్దారు ఒకడు లారీ దిగి, "మామా, నువ్వు ముందు పో, ఎనకనుంచి నేను తోల్తా" అన్నాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "మేడం, ఇదేందని మా సార్ అడుగుతాండాడు. ఏం చెప్పాల?" అన్నాడు.

"రోలరు వచ్చిందని చెప్పు."

పొర మీద పొర తొక్కించాం. చివరికి గడ్డపార వేస్తే దిగలేదు. లోడు ట్రాక్టర్లను తిప్పి చూసి, మొదటి లారీని వదిలాను. దాని ముందు నేనే నడిచాను. చక్రాల అచ్చు పడింది తప్ప మట్టి కుంగలేదు. ఒక్కొక్కటిగా లారీలన్నీ దాటాయి. కెప్టెన్ ఓబులేసుకు సెల్యూట్ కొట్టాడు. ఆయన ఏం చెయ్యాలో తోచక కర్ర పైకెత్తాడు. అందరం పగలబడి నవ్వాం.

ఏ యంత్రమైనా మట్టికి ఏం చేస్తుందో ఇంజనీరుకు తెలిసుండాలి. తెలిస్తే, ఆ యంత్రం లేనిచోట కూడా పని ఆగదు.