పిల్లి కరిచిన వేలు

ఎల్బీనగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ కుడి బొటనవేలికి పసుపు మరకల గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగాను.

"మా గల్లీల ఎవ్వలు లేని పిల్లి పిల్ల ఉండె బిడ్డా. రెండు దినాల సంది పాలు ముట్టలే, నోట్లకెళ్లి సొంగ కారుతుండె. నోరు తెరిచి తాపుదామని చూస్తే కరిచింది. పొద్దుగాల సచ్చిపోయింది పాపం," అంటూ కళ్లు తుడుచుకుంది.

"అమ్మా, ఇవాళే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ ఇంజెక్షన్ వేయించుకోండి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం," అన్నాను.

"పిల్లే గదా బిడ్డా, కుక్కనా ఏంది?" అని నవ్వింది.

పిల్లుల నుంచి కూడా వస్తుందని చెబుతుండగానే దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఆమె దిగిపోయింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "మర్చిపోకండమ్మా, ఇవాళే వెళ్లండి!" అని అరిచాను. హారన్ల మోతలో ఆమెకు ఏం వినబడిందో ఏమో, వెళ్లొస్తానన్నట్టు ఆ కట్టు చేతినే ఎత్తి ఊపింది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి పరిగెత్తి ఉండొచ్చు. ఆలస్యమవుతుందని దిగలేదు. ఆమె ఆసుపత్రికి వెళ్లే ఉంటుందని ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.