దేవుడి గూట్లో చెక్కబొమ్మ

నిన్న కొత్తపేటలో ఎవరో గడపకు పసుపు రాస్తుంటే, ఆ తడి వాసనకు మా అమ్మ దేవుడి గూడు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు భజనలో గురువుగారు దేవుడు ఒక్కడేనని చెబితే, మిగతా దేవుళ్లంతా అబద్ధమనుకున్నాను. వెంకటేశ్వరస్వామి పటం ఒక్కటే ఉంచి, తక్కినవన్నీ వినాయకుణ్ని కలిపినట్టే కాలవలో కలిపేశాను.

అమ్మ చూసి మొదట నవ్వింది.

"ఒక్కరినే ఉంచేవేంట్రా? పోన్లే, నాకు పూలు కోసే పని తగ్గింది."

అంతలో ఆమె చెయ్యి గూటి మూలకు వెళ్లి ఆగింది.

"పసుపు రాసిన చెక్కబొమ్మేది నాన్నా?"

"దాన్నీ కలిపేసేనమ్మా. అది దేవుడు కాదు కదా."

"కాదు నాన్నా. అది మీ అక్క."

నేను పుట్టకముందే జ్వరంతో పోయిన అక్కకు ఫొటో లేదు. అమ్మ రోజూ నీళ్లు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టేది ఆ బొమ్మకే. ఆ ఒక్క దేవుడు అందులోనూ ఉన్నాడన్నదే గురువుగారి మాట అని నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

అమ్మ నన్ను కొట్టలేదు. పెద్దవాణ్నయ్యాక కూడా నేను క్షమించమని అడగలేదు. అమ్మ రోజూ స్వామికి దీపం పెట్టి, ఖాళీ మూలను తడిగుడ్డతో తుడిచేది. పోయేదాకా అక్కడ మరే దేవుణ్నీ పెట్టలేదు.